రాయి ఉన్న గుమ్మం దగ్గరే మొదలుపెట్టండి

1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు పల్నాటి కొండల మధ్య, కృష్ణ ఒడ్డున ఒక పాత స్తంభాన్ని గమనించారు. చూసి ఊరుకోకుండా మద్రాసు ప్రభుత్వానికి కబురు చేశారు. శాసన విభాగం నుంచి ఎ. రంగస్వామి సరస్వతి వచ్చి చూశారు. అలా వెలుగులోకి వచ్చిందే నాగార్జునకొండ, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. మరుసటి ఏడు పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు మొదలుపెట్టారు. 1955 డిసెంబరులో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగేనాటికి ఆ లోయలో ఏముందో అందరికీ తెలుసు కాబట్టే, నీళ్ళు వచ్చేలోపు పెద్దఎత్తున తవ్వకాలు జరిగాయి. ముఖ్యమైన కట్టడాలను కొండపైకీ అనుపు అనే చోటికీ తరలించి మళ్ళీ నిలబెట్టారు. ఆ పంతులుగారు ఉత్తరం రాయకపోయి ఉంటే ఆ ఆనవాళ్ళలో ఎన్ని మనకు మిగిలేవో ఊహించండి.

అమరావతి కథ ఇందుకు పూర్తిగా వేరు. 1790లలో వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు కొత్త పట్నం కట్టిస్తున్నప్పుడు దీపాలదిన్నె అనే స్తూపపు దిబ్బలోంచి చెక్కడపు రాళ్ళు తవ్వి కట్టడాలకు వాడేశారు. 1797లో సర్వే అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూసేసరికే చాలా నష్టం జరిగిపోయింది. 1816లో మళ్ళీ వచ్చి ఆయన బొమ్మలు గీయించారు గనుక, పోయిన రాళ్ళలో కొన్ని ఎలా ఉండేవో ఇవాళ తెలుస్తోంది. ఆనాటి జనానికి ఆ రాళ్ళ మీద ద్వేషమేమీ లేదు. వాటి విలువ చెప్పి ఆపమనే మనిషి ఆ ఊళ్ళో లేడంతే.

మీ ఊళ్ళో ఆ మనిషి మీరు కావచ్చు. మీ ఒక్కరి వల్లా అది కాదు గనుక, ఒక బృందాన్ని ఎలా కూడగట్టుకోవాలో, ఊరితో ఎలా కలిసి నడవాలో ఈ అధ్యాయంలో చెబుతాను.

మొదట ఎదురయ్యే సంకోచం ఒకటుంది. "నేను చరిత్ర చదువుకోలేదండీ, బ్యాంకులో చేస్తాను", "మాది మెడికల్ షాపు, మాకేం తెలుస్తుంది" అంటారు. ఆ మాటకొస్తే గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ శ్రీముఖలింగం గుడిలోని శాసనాల లిపిని సొంతంగా నేర్చుకుని చదివారు. పాత కళింగనగరం అదేనని వాటి ఆధారంగానే వాదించారు. రాజమహేంద్రవరంలో 1922లో రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకానికి తొమ్మిది వందల ఏళ్ళు నిండిన సందర్భంగా ప్రత్యేక సంచిక వెలువడింది. ఆ ఏడే అక్కడ ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టింది, 1926 నుంచి ఒక పత్రిక కూడా నడిపింది. చిలుకూరి వీరభద్రరావు, భావరాజు వెంకటకృష్ణారావు, రాళ్ళబండి సుబ్బారావు వంటివాళ్ళు దానికి అండ. ఆ ఊరి మ్యూజియం ఇవాళ్టికీ రాళ్ళబండివారి పేరుతోనే ఉంది. హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావుగారి పేరు పెట్టుకున్న పరిశోధక మండలి శాసనాలు సేకరించి 'తెలంగాణా శాసనములు' అచ్చువేసింది. ఇప్పుడు కొత్త తెలంగాణ చరిత్ర బృందం లాంటివాళ్ళు సెలవురోజుల్లో పల్లెలు తిరిగి శాసనాలూ వీరగల్లులూ రాతిచిత్రాలూ నమోదు చేస్తున్నారు. వీటన్నిటిలోనూ కనిపించేది ఓపికా, పదిమందిని కలుపుకుపోయే గుణం. లిపి తర్వాత నేర్చుకోవచ్చు. మనుషులతో మసలడం మాత్రం మొదటిరోజు నుంచే రావాలి.

నా మాటగా ఒక్క సూత్రం పెట్టుకోండి. రాయి, కాగితం, జ్ఞాపకం, ఏదైనా సరే అది ఎవరి దగ్గరుందో వాళ్ళదే. మీరు నకలు తీసుకుంటారు, అసలు అక్కడే ఉంటుంది. నకలు మీద వాళ్ళ పేరు ఉంటుంది. తయారైన దాని ప్రతి మొదట వాళ్ళకే చేరుతుంది. ఈ మూడూ తప్పకుండా పాటించే బృందానికి తలుపులు తెరుచుకుంటాయి. "చూసి ఇస్తాం" అని పట్టుకెళ్ళిన తాళపత్రాలూ ఫోటోలూ తిరిగి రాని ఇళ్ళు మన పల్లెల్లో కొల్లలు. ఆ అనుభవం ఉన్నవాళ్ళు మిమ్మల్ని అరుగు మీదే కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి పంపేస్తే నొచ్చుకోకండి. మళ్ళీ వెళ్ళండి. రెండోసారి వెళ్ళేటప్పుడు వాళ్ళింటికి పనికొచ్చేది ఏదైనా పట్టుకెళ్ళండి. వాళ్ళ తాతగారి పేరున్న పాత రికార్డు నకలో, వాళ్ళ వీధి పాత ఫోటోనో అయితే మరీ మంచిది.

బృందానికి ఎవరెవరు కావాలి? చరిత్ర తెలిసినవాళ్ళకంటే ఊరు తెలిసినవాళ్ళను ముందు వెతకండి. రిటైరైన పోస్ట్‌మాన్‌కు తెలియని గడప ఉండదు. పాత వీఆర్వోకు సర్వే నంబర్లు నోటికొచ్చు. ఫోటో స్టూడియో నడిపిన పెద్దాయన దగ్గర నెగటివుల పెట్టె ఉంటుంది. బోరు లారీవాళ్ళూ జేసీబీ డ్రైవర్లూ చాలామందికి తట్టని భాగస్వాములు. భూమిలోంచి పాత ఇటుకా కుండపెంకూ పైకొచ్చినప్పుడు మొదట చూసేది వాళ్ళే. వాళ్ళ ఫోన్ నంబరు మీ దగ్గర, మీ నంబరు వాళ్ళ దగ్గర ఉండాలి. "ఏదైనా వింతగా కనిపిస్తే ఒక ఫోటో తీసి పెట్టన్నా" అని చెప్పి ఉంచితే చాలు.

ఇక రాయి దగ్గరికి వద్దాం. ఊరి పొలిమేరలోనో రచ్చబండ దగ్గరో రాయి ఉంటుంది. పైభాగాన సూర్యచంద్రులు, ఒక్కోసారి లింగం, నంది, ఆవూదూడా. కింద అక్షరాల వరసలు. ముందుగా ఆ రాయి దగ్గరున్న ఇళ్ళవాళ్ళతో మాట్లాడండి. పసుపూ కుంకుమా పెట్టి పూజించే రాయి అయితే వాళ్ళ అనుమతి లేకుండా చెయ్యి వెయ్యొద్దు. కొలుపుకు ముందు అమ్మవారి రాయిని కడిగే అలవాటు చాలా ఊళ్ళలో ఉంది. ఆ రోజు మీరు అక్కడ ఉంటే కొత్త పసుపు రాసేలోపు ఫోటో తీసుకోవచ్చు, ఎవరి మనసూ నొచ్చుకోదు.

శాసనాన్ని మిట్టమధ్యాహ్నం చదవబోయి విసిగిపోకండి. ఎండ నిట్టనిలువుగా పడితే అక్షరం రాతిలో కలిసిపోతుంది. పొద్దుగూకాక వెళ్ళి, టార్చి లైటును రాతికి పక్కగా, దాదాపు ఆనించినట్టు పట్టుకుని వెలుగు అడ్డంగా పారేట్టు వెయ్యండి. గీత గీతలోనూ నీడ నిండి, పగలు గరుకుగా మాత్రమే తోచిన చోట 'స్వస్తిశ్రీ' స్పష్టంగా లేచి కనబడుతుంది. ఫోన్‌ను కదలకుండా ఒకచోట పెట్టి ఎడమ నుంచి, కుడి నుంచి, పైనుంచి, కిందినుంచి వెలుగు మారుస్తూ నాలుగు ఫోటోలు తియ్యండి. ఒక దాంట్లో దొరకని అక్షరం మరో దాంట్లో దొరుకుతుంది. రాయి పక్కన పిల్లల స్కేలు ఒకటి నిలబెట్టి ఇంకో ఫోటో తియ్యండి. సుద్ద పులమడం, పిండి రుద్దడం, పెయింటుతో అక్షరాలు దిద్దడం, ఇనుప బ్రష్షుతో తోమడం వద్దే వద్దు. మీరు తప్పుగా దిద్దిన అక్షరాన్ని రేపు వచ్చే నిపుణుడు సరిచేయడం చాలా కష్టం. మెత్తటి బ్రష్షూ మంచినీళ్ళూ చాలు. కాగితం తడిపి రాతికి అద్ది సిరాతో నకలు తీసే పద్ధతి తెలిసినవాళ్ళ పక్కన నిలబడి నేర్చుకునేది. అందాకా ఫోటోలతోనే సరిపెట్టుకోండి.

చదవడం మొదలుపెట్టేవాళ్ళు విజయనగర కాలపు శాసనాలతో మొదలుపెడితే సులువు. ఆ లిపి మన అచ్చు అక్షరాలకు దగ్గరగా ఉంటుంది. అక్కడ చెయ్యి తిరిగాక వెనక్కి కాకతీయులకూ, ఇంకా వెనక్కి తూర్పు చాళుక్యులకూ వెళ్ళొచ్చు. శక సంవత్సరానికి 78 కలిపితే సుమారుగా క్రీస్తు శకం వస్తుంది. కొన్ని శాసనాల్లో సంవత్సరాన్ని అంకెల్లో కాకుండా పదాల్లో చెబుతారు, గగనమంటే సున్నా, రసమంటే ఆరు. దానమిచ్చినవారి పేరు, గుడి పేరు, అఖండదీపానికి విడిచిన గొర్రెలు, పొలం హద్దులు, చివర ఆ దానం చెరిపినవాడికి చుట్టుకునే పాపం, ఇదీ దానశాసనాల మామూలు నడక. హద్దుల దగ్గర ఎక్కువసేపు ఆగండి. ఫలానా చెరువు, ఫలానా పుంత, ఫలానా చెట్టు అని రాసిన చోట్లలో కొన్ని ఇవాళ్టికీ అదే పేరుతో ఉండొచ్చు. శాసనం దొరికిందని పత్రికకు చెప్పే ముందు అది ఇప్పటికే అచ్చయిందేమో కూడా చూసుకోవాలి. 'సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్' పదో సంపుటమంతా మద్రాసు రాష్ట్రపు తెలుగు శాసనాలే. పురావస్తు శాఖ శాసన విభాగం ఏటేటా వెలువరించిన నివేదికలూ ఉన్నాయి. అచ్చయి ఉన్నా మీ శ్రమ వృథా పోదు. అచ్చులో ఉన్న రాయి ఇంకా ఆ ఊళ్ళోనే ఉందా, ఏ స్థితిలో ఉందన్నది మీరే చెప్పగలరు. తొలి తెలుగు శాసనంగా చెప్పుకునే కలమళ్ళ రాయి, క్రీ.శ. 575 ప్రాంతపుది, ఇప్పటికీ కడప జిల్లాలోని ఒక పల్లె గుడి ఆవరణలోనే ఉంది. దాన్ని కాపాడుకోవలసిన మొదటి చేతులు ఆ పల్లెవే.

రాయి ఆగగలదు గానీ మనిషి జ్ఞాపకం ఆగదు. తొంభై ఏళ్ళ పెద్దావిడ ఉన్న ఇల్లు మీ జాబితాలో అన్నిటికంటే పైన ఉండాలి. ఆవిడను "ఏ సంవత్సరంలో జరిగింది మామ్మా?" అని అడిగితే జవాబు రాదు. ఉప్పెనకు ముందా తర్వాతా అని అడగండి. కోస్తాలో 1977 నవంబరు నాటి దివిసీమ ఉప్పెన, గోదావరి పొడవునా 1986 వరద, తెలంగాణలో 1948 పోలీసు చర్య, ఇలాంటివి మనుషులు రోజులు లెక్కపెట్టుకునే గుర్తులు. "ఉప్పెనప్పుడు మీ పెద్దబ్బాయికి ఎన్నేళ్ళు మామ్మా?" అంటే "చంకలో ఉన్నాడు నాయనా, అప్పుడే మా మరిది పెళ్ళి చేసి ఆర్నెల్లు" అంటూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. తాతముత్తాతల నుంచి విన్న మాటల్లో 1876–78 నాటి ధాత కరువు కూడా ఎక్కడో తగులుతుంది. రికార్డింగు ఆన్ చేసేముందు అడగండి. మధ్యలో అందుకుని సరిదిద్దకండి. గంట దాటితే లేచి రండి, అలసిపోతారు. పొలం పాటలు, పెళ్ళి పాటలు, వంటలు, పంటలు, బావి దగ్గర ఎవరెవరు ఏ వరసలో నీళ్ళు తోడుకునేవారన్నది, ఇవన్నీ ఆడవాళ్ళకే ఎక్కువ తెలుసు. వాళ్ళతో కూర్చుని మాట్లాడే అమ్మాయిలు మీ బృందంలో లేకపోతే ఊరి చరిత్రలో సగం మీకు వినపడనే వినపడదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మన ఊరి చరిత్ర పుస్తకాల్లో చాలావాటిలో గుడీ, జమీందారూ, కరణం ఇల్లూ తప్ప ఇంకేమీ కనపడవు. వాడల్లోకి వెళ్ళకుండా రాసినది ఊరి చరిత్ర కాదు. వంశావళులను పటం కట్టి, కథ కట్టి తరాలుగా నిలుపుకొచ్చిన కళాకారులు మనకున్నారు. మాదిగలకు డక్కలివారు, పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, గొల్లలకు మందెచ్చులవారు కథ చెబుతారు. చేర్యాల నకాషీ పటాలు అలాంటి కథల కోసం గీసినవే. వాళ్ళు ఊళ్ళోకి వచ్చినప్పుడు పిలిచి చెప్పించుకోండి. రికార్డు చేసుకుంటే తగిన సంభావన ఇవ్వండి, ఆ రికార్డు ప్రతి కూడా వాళ్ళకు ఇవ్వండి. శ్మశానం, చర్చి బాప్టిజం రిజిస్టరు, దర్గా ముతవల్లీ దగ్గరి కాగితాలు, చేనేత సంఘం పాత మినిట్స్ పుస్తకం కూడా మీరు చూడవలసినవే.

నిజానికి ఊరినే అడిగి చరిత్ర రాసే ఈ పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. రెండు వందల ఏళ్ళ కిందట మెకంజీకి తెలుగు రాదు. ఏలూరుకు చెందిన కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి, ఆయన పనికి కళ్ళూ చెవులూ అయ్యారు. ఊరి కరణాలతో, పూజారులతో, పెద్దలతో మాట్లాడి రాయించిన కైఫియత్తులు ఇవాళ మనకున్న గ్రామ చరిత్రల్లో అమూల్యమైనవి. వాటికి నకళ్ళు రాయించి కాపాడినవాడు సి.పి. బ్రౌన్. మీ ఊరి కైఫియత్తు ఉందేమో ముందు వెతకండి. కడపలో బ్రౌన్ పేరుతో ఉన్న పరిశోధన కేంద్రం ఆ జిల్లా కైఫియత్తులను అచ్చువేసింది. జనాన్ని కలుపుకోవడంలో ఇంకో గొప్ప ఉదాహరణ సురవరం ప్రతాపరెడ్డిగారిది. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా ఆయన ఊరూరి నుంచీ కవుల వివరాలూ పద్యాలూ రప్పించి 1934లో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు. 354 మంది కవులు అందులో ఉన్నారు. ఒకరు ఊరూరూ తిరిగితే అంత పని ఎన్నేళ్ళకు అయ్యేదో! మీరూ అలాగే వాట్సాప్‌లో, పంచాయతీ బోర్డు మీద, బడి గోడ మీద ఒకే ఒక్క ప్రశ్న రాసి పెట్టండి. "1980కి ముందు మన ఊళ్ళో తీసిన ఫోటో మీ ఇంట్లో ఉందా?" చాలు. ఊరు వదిలి హైదరాబాదుకో డల్లాస్‌కో వెళ్ళిన కుటుంబాల దగ్గర పాత ఆల్బములు ఎక్కువ ఉంటాయి. వాళ్ళను డబ్బు అడిగేముందు ఫోటోలు అడగండి.

సంస్థలతో పొత్తు విషయానికొస్తే, బడి అన్నిటికంటే సులువైనదీ ఫలితం ఎక్కువనిచ్చేదీ. ఎనిమిదో తరగతి పిల్లలకు నాలుగు తరాల వంశవృక్షం రాసుకురమ్మని చెప్పమనండి. పిల్లలు అడిగితే తాతలు కాదనరు. ఇంట్లోంచి పాత రాగి చెంబో, భూమి దస్తావేజో, ఉత్తరమో తెచ్చి చూపించే ఒక మధ్యాహ్నం పెడితే ఊరి సగం చరిత్ర బల్లల మీద పరుచుకుంటుంది. సాయంత్రానికి అన్నీ ఇళ్ళకు క్షేమంగా చేరేలా ఒక మాస్టారు సంతకం పెట్టించుకుని పంపాలి. శాఖా గ్రంథాలయం మీకు బల్లా బీరువా ఇస్తుంది. నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలు, వాటి వెంటే 19 నుంచి 25 దాకా ప్రపంచ వారసత్వ వారోత్సవాలు వస్తాయి, ఫోటోల ప్రదర్శనకు అంతకంటే మంచి అదను లేదు. ప్రకాశం సీమలో 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికలను ఇన్నేళ్ళుగా ఎలా దాచుకొచ్చిందో ఒకసారి వెళ్ళి చూసి రండి.

గుడి కమిటీతో స్నేహం మాత్రం ముందునుంచే ఉండాలి, అవసరం వచ్చాక వెళితే ఆలస్యమవుతుంది. జీర్ణోద్ధరణ అనగానే పాత రాళ్ళ మీద సున్నం, పెయింటు, టైల్స్, ఇసుక పిచికారీ అన్నీ వచ్చేస్తాయి. అక్షరాలున్న స్తంభం గోడలో కలిసిపోతుంది. చందాలు పోగయ్యాక ఆపమంటే మీరు భక్తికి అడ్డుపడ్డవాళ్ళవుతారు. టెండరు పిలవక ముందే, ఏ రాయి మీద ఎవరి పేరుందో, ఎన్నేళ్ళ కిందట ఆ గుడికి ఎవరు దీపం పెట్టించారో కమిటీవాళ్ళకు చదివి వినిపించండి. తమ గుడి అంత పాతదని తెలిశాక దాన్ని చెడగొట్టుకోవాలని ఎవరికీ ఉండదు. ఆ చదివిన పాఠాన్ని వాడుక తెలుగులో రాసి బోర్డు పెట్టించండి, ఖర్చు కమిటీయే భరిస్తుంది.

చట్టం కూడా తెలిసి ఉండాలి. భూమిలో దొరికిన నాణేలూ విగ్రహాలూ 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. తహసీల్దారు ద్వారా పంపేటట్లయితే ఆ కాగితానికి రసీదు తీసుకోండి. నూరేళ్ళు దాటిన శిల్పాలూ, 75 ఏళ్ళు దాటిన విలువైన రాతప్రతులూ 1972 చట్టం కిందికి వస్తాయి. వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడానికి నూరు మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషేధం, ఆపై రెండు వందల మీటర్లకు అనుమతి కావాలి. మీ బృందం ఎక్కడా గునపం దించకూడదు. పాటిదిబ్బ మీద పెంకులు కనిపిస్తే ఫోటో, చోటు, తేదీ రాసుకుని పురావస్తు శాఖకు పంపండి. దిబ్బలో బంగారముందన్న పుకారు వీధిలో పడితే రాత్రికి రాత్రే తవ్వేస్తారు గనుక, ఆ ఫోటోలు గ్రూపుల్లో పెట్టొద్దు.

కాగితాల విషయంలో తగాదాలు వస్తాయి. అడంగళ్ళు, ఫైసలా పట్టీలు, తెలంగాణలో సేత్వార్, ఖాస్రా పహాణీ లాంటి పాత భూమి రికార్డులు వెతికేటప్పుడు భూమి పంచాయితీల్లో ఉన్నవాళ్ళు మీ దగ్గరికి వస్తారు. ఎవరి పక్షానా సాక్ష్యం చెప్పబోమని బృందం మొదట్లోనే తీర్మానం రాసుకోవాలి. ఆ రికార్డుల్లో కనిపించే ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే క్రీస్తు శకంలో ఆ ఏడు సుమారుగా తెలుస్తుంది. ఊరు కట్టినది ఎవరన్న దాని మీద రెండు కుటుంబాలు రెండు కథలు చెబితే రెండూ అచ్చువెయ్యండి. దేనికి ఏ ఆధారం ఉందో పక్కనే రాయండి. ఆధారం దొరకనిచోట "విన్నమాట" అని స్పష్టంగా పెట్టండి. చెప్పినవాళ్ళు కొన్నాళ్ళు ముఖం చిట్లించుకున్నా, మీ రాతను నమ్మవచ్చునని ఊరికి తెలుస్తుంది.

రిజిస్ట్రేషన్ గురించి చాలామంది మొదటిరోజే అడుగుతారు. 2001 నాటి సొసైటీల చట్టం కింద రెండు రాష్ట్రాల్లోనూ కనీసం ఏడుగురు సభ్యులుంటే సంఘం నమోదు చేసుకోవచ్చు. నా సలహా ఏమిటంటే, ముందు ఒక ఏడాది పేరూ పదవులూ లేకుండా పని చెయ్యండి. ప్రెసిడెంటు ఎవరన్న చర్చతో మొదలైన సంఘాలు అక్కడితోనే ఆగిపోవడం మనం చూస్తూనే ఉంటాం. ఏడాది తర్వాత కూడా ప్రతి నెలా వచ్చేవాళ్ళు ఎవరో వాళ్ళే మీ ఏడుగురు. బ్యాంకు ఖాతా అప్పుడు తెరవండి. వచ్చిన ప్రతి రూపాయినీ వార్షిక సభలో చదివి వినిపించండి.

సేకరించినదాన్ని మూడుచోట్ల ఉంచండి. ఒక హార్డ్ డిస్కు గ్రంథాలయంలో, ఒకటి హైస్కూల్లో, ఇంకొకటి ఊరికి దూరంగా ఉన్న సభ్యుడి ఇంట్లో. ప్రతి ఫైలు పేరులోనూ ఊరు, చోటు, తేదీ, ఫోటో తీసినవారు, వస్తువు యజమాని ఉండాలి. 'ఐఎంజీ 2043' అన్న పేరుతో పడి ఉన్న ఫోటో పదేళ్ళ తర్వాత ఎవరికీ అక్కరకు రాదు. ఈ పేర్లు పెట్టే పని విసుగు పుట్టిస్తుంది, కాబట్టి నెలాఖరు ఆదివారం అందరూ కలిసి కూర్చుని చేసుకోండి. ఊళ్ళో పెద్దవాళ్ళను ఒకరిద్దరిని పక్కన కూర్చోబెట్టుకుంటే ఫోటోలో మూడో వరసలో ఎడమనుంచి నాలుగో మనిషి ఎవరో అప్పటికప్పుడే తేలిపోతుంది.